పెప్టైడ్ మందులు: నలభై ఏళ్లుగా ‘వచ్చేస్తున్నాయి’... ఇంకా రావేం?

నీలాంబరి
పొద్దున మళ్లీ అదే వార్త: ‘మొండి బ్యాక్టీరియాకి చెక్! ఏఐ పట్టిన కొత్త పెప్టైడ్’. నేను మైక్రోబయాలజీ చదివాను గానీ ఇప్పుడు ఆ లైన్లో లేను. చదివే రోజుల్లో కప్ప చర్మంలోంచి తీసిన మాగైనిన్ పాఠం విని, యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ పీడ ఇక విరగడైనట్టే అనుకున్నాం. మాగైనిన్ 1987 నాటిది. మన తెల్లరక్తకణాల్లో ఉండే డిఫెన్సిన్లు 1985, సెక్రోపియా అనే పెద్ద చిమ్మట ప్యూపాలో దొరికిన సెక్రోపిన్లు 1981. ఇన్నేళ్లయినా ఈ పేర్లేవీ ప్రిస్క్రిప్షన్ మీద చూడలేదు.

ఎక్కడ ఆగింది బండి? సరుకులోనే లోపమా, డబ్బు పెట్టేవాళ్లు లేకా? ‘అంతా ఫార్మా మాఫియా’ అని ఒక్క లైన్ రాసి పోయేవాళ్లు దయచేసి ఈ దారిన రావద్దు.

కప్పగంతులు
(నా పేరు చూసి నవ్వకండి, అది ఇంటిపేరు.)

మాగైనిన్ కథ సగమే చెప్పారు. దాన్ని కనిపెట్టిన మైకేల్ జాస్లాఫ్ వెతికింది యాంటీబయాటిక్ కోసం కాదు. ఆఫ్రికా కప్పల అండాలతో ఆర్ఎన్ఏ మీద పని చేసుకుంటున్నారాయన. కప్ప పొట్ట కోసి అండాశయం తీయడం, కుట్లేయడం, మళ్లీ తొట్టిలో వదలడం. ఆ తొట్టి నీళ్ల నిండా బ్యాక్టీరియా. అయినా గాయం చీము పట్టదు, వాయదు, ఎర్రబడదు. ఎందుకా అని చర్మాన్ని పరీక్షిస్తే 23 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు బయటపడ్డాయి.

సందేహాలరావు
నేను కామర్స్ బ్యాచ్. పెప్టైడ్ అంటే చిన్న ప్రొటీన్ ముక్క అనుకుంటున్నాను. అది బ్యాక్టీరియాని ఎట్లా చంపుతుంది? చంపేదేదో మన కణాల్ని ఎందుకు వదిలేస్తుంది?

పెప్టైడ్ పంతులు
రావుగారూ, మీ రెండో ప్రశ్నలోనే ఈ రంగం కష్టమంతా ఉంది.

వీటిలో లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. వాటివల్ల పెప్టైడ్‌కి ధనావేశం వస్తుంది. బ్యాక్టీరియా పైభాగమంతా రుణావేశం. మన కణాల పొర బయటివైపు దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా కొలెస్ట్రాల్ ఉండటంతో కాస్త గట్టిది. అందుకని పెప్టైడ్ ముందు బ్యాక్టీరియాకే అతుక్కుంటుంది. దానికి నూనెలో కలిసే పక్క ఒకటి, నీళ్లలో కలిసే పక్క ఒకటి ఉంటాయి. నూనె పక్క పొరలోకి దిగబడుతుంది. పొరకి చిల్లులు పడతాయి, లేదా పొరే పేలికలవుతుంది. లోపలి సరుకు బయటికి కారిపోయి కణం నిమిషాల్లో చస్తుంది.

కానీ ఇది తరతమ భేదమే తప్ప గీత గీసినట్టుండే తేడా కాదు. డోసు పెరిగితే మన కణాలకీ అతుక్కుంటుంది. తేనెటీగ విషంలో మెలిటిన్ అని 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఉంది. బ్యాక్టీరియాని బ్రహ్మాండంగా చంపుతుంది, ఎర్ర రక్తకణాల్నీ అంతే బ్రహ్మాండంగా పగలగొడుతుంది. అందుకే ల్యాబ్‌లో కొత్త పెప్టైడ్ చేతికి రాగానే రక్తకణాలతో కలిపి కొంతసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తాం. కణాలన్నీ అడుక్కి దిగి పైన నీళ్లు తేటగా ఉంటే బతికాం. పైన ఎర్రబడిందంటే ఆరు నెలల డిజైన్ పని అక్కడితో సరి. ఆ గొట్టం బయటికి తీసేటప్పుడు ఉండే టెన్షన్ పరీక్ష ఫలితాలప్పుడు కూడా ఉండదు.

సందేహాలరావు
ఆ పరీక్ష పాసైతే మందైనట్టేనా?

పెప్టైడ్ పంతులు
అప్పుడే ఎక్కడ! అసలు ఆట రక్తంలోకి దిగాక మొదలవుతుంది. ప్రొటీన్లని కోసే ఎంజైములు మన ఒంటి నిండా ఉన్నాయి. ట్రిప్సిన్ లాంటివి సరిగ్గా లైసీన్, ఆర్జినీన్ దగ్గరే కోస్తాయి. అంటే పెప్టైడ్‌కి ఏది బలమో అదే దాని ప్రాణం తీస్తుంది. నోటి ద్వారా ఇస్తే కడుపు దాటదు. సూది ద్వారా ఇస్తే చాలావాటికి నిమిషాల ఆయుష్షు. మిగిలిందాంట్లో కొంత రక్తంలోని ప్రొటీన్లకి అంటుకుపోతుంది, ఉప్పు గాఢత వల్ల ఇంకొంత బలం తగ్గుతుంది. ల్యాబ్ ద్రావణంలో సింహంలా ఉన్నది సీరంలో పిల్లి అవుతుంది. పేపర్లో వార్త మాత్రం ఆ ల్యాబ్ ద్రావణం దగ్గరే రాసేస్తారు.

ఐసీయూ నైట్ డ్యూటీ
నీలాంబరి గారు ప్రిస్క్రిప్షన్ మీద పెప్టైడ్ చూడలేదన్నారు. నేను వారానికి నాలుగైదు రాస్తాను. కొలిస్టిన్ పెప్టైడే కదా! పాలిమిక్సిన్-బి కూడా. గాయాలకి పూసే ఆయింట్‌మెంట్లలో ఉండే బాసిట్రాసిన్ కూడా. డాప్టోమైసిన్ అయితే కొవ్వు తోక తగిలించిన పెప్టైడ్.

పెప్టైడ్ మందులు రాలేదనడం కన్నా, వచ్చినవాటితో మేం పడుతున్న పాట్లు చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. కల్చర్ రిపోర్ట్ వస్తుంది. అసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా. మందుల పేర్ల పక్కన పైనుంచి కిందిదాకా ‘రెసిస్టెంట్, రెసిస్టెంట్’ అని ఒకటే వరస. చివర కొలిస్టిన్. అక్కడా ‘సెన్సిటివ్’ అని ఉండదు, ‘ఇంటర్మీడియెట్’ అని ఉంటుంది. ఎందుకంటే ల్యాబ్‌లు పాటించే సీఎల్ఎస్ఐ ప్రమాణాల్లో 2020 నుంచి కొలిస్టిన్‌కి ‘సెన్సిటివ్’ అనే గడే తీసేశారు. ల్యాబ్‌లో బ్యాక్టీరియా చచ్చినా మనిషిలో ఆ స్థాయి మందు భద్రంగా అందించగలమన్న నమ్మకం లేక.

ఇంకో తిరకాసు. మేం ఎక్కించేది నేరుగా కొలిస్టిన్ కాదు, కొలిస్టిమెథేట్. అది ఒంట్లోకి వెళ్లాక మెల్లగా కొలిస్టిన్‌గా మారాలి. కిడ్నీలు బాగున్న మనిషిలో మారేలోపే చాలాభాగం మూత్రంలో పోతుంది. అందుకే మొదట 90 లక్షల యూనిట్ల లోడింగ్ డోసు. లేకపోతే పనిచేసే స్థాయికి చేరడానికే రెండు రోజులు పడుతుంది, సెప్సిస్ రోగికి అంత టైమ్ ఎక్కడిది? ఆ తర్వాత రోజూ కిడ్నీల పరిస్థితి చెప్పే క్రియాటినిన్ చూస్తూ కూర్చోవడం. అది పెరుగుతుంటే డోసు తగ్గించాలి, తగ్గిస్తే ఇన్ఫెక్షన్ పెరుగుతుంది.

నీలాంబరి
డాక్టర్ గారూ, మంచి దెబ్బే కొట్టారు. కొలిస్టిన్‌ని నేను ‘పాత యాంటీబయాటిక్’ ఖాతాలో వేసేశాను, పెప్టైడ్ ఖాతాలో కాదు. అది 1950ల నాటిదే కదా?

పెప్టైడ్ పంతులు
అవును, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా తయారుచేసుకునే ఆయుధం. కిడ్నీల మీద, నరాల మీద దెబ్బ చూసి 1970లకల్లా డాక్టర్లు పక్కన పెట్టేశారు. కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగని బ్యాక్టీరియా వచ్చాక వేరే గతి లేక బీరువాలోంచి మళ్లీ తీశారు.

మన చర్చకి ఇందులో ఒక పాఠం ఉంది. బ్యాక్టీరియాలో రెండు పెద్ద తెగలు: అదనంగా ఒక బయటి పొర ఉన్నవి గ్రామ్-నెగెటివ్, లేనివి గ్రామ్-పాజిటివ్. గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో లిపిడ్-ఎ అని ఉంటుంది. దాని రుణావేశాల్ని మెగ్నీషియం, కాల్షియం అయాన్లు పట్టి ఉంచుతాయి. కొలిస్టిన్ వాటిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది, పొర సడలిపోతుంది. మరి బ్యాక్టీరియా చేసిందేమిటి? లిపిడ్-ఎకి ఫాస్ఫోఇథనోలమైన్ అనే చిన్న గుంపు తగిలించుకుంది. రుణావేశం తగ్గింది, కొలిస్టిన్‌కి పట్టు దొరకలేదు. ఆ పని చేసే ఎంసీఆర్-1 జన్యువుని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట) మీద ఉంది, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగలదు. పందుల పెంపకంలో దాణాలో కొలిస్టిన్ కలిపి పెట్టిన ఫలితం అని అందరికీ అర్థమైంది. చైనా 2017లో దాణాలో వాడకం ఆపింది, భారత్ 2019లో పశువులకి వాడకం నిషేధించింది.

కోడ్ కోవిదుడు
మీరంతా పాత మందుల గోడే చెప్తున్నారు. సీను మారింది బాస్. నేను పెప్టైడ్ డిజైన్ మోడల్స్ మీద పనిచేస్తాను. 2024లో ‘సెల్’ పత్రికలో వచ్చిన పని చూడండి: నేల, సముద్రం, పేగులు, ఎక్కడెక్కడి సూక్ష్మజీవుల జన్యుసమాచారాన్నో మెషిన్ లెర్నింగ్‌తో జల్లెడ పట్టి 8,63,498 పెప్టైడ్లు అంచనా వేశారు. అందులో 100 తయారుచేసి చూస్తే 79 పనిచేశాయి, 63 రోగకారక బ్యాక్టీరియా మీదే. ఒకప్పుడు ఒక్క కప్ప చర్మం మీద ఏళ్లు పట్టిన పని ఇది.

ఎంజైములు కోస్తాయంటారా? సహజంగా ఉండే ఎడమ చేతివాటం అమైనో ఆమ్లాల బదులు వాటి అద్దపు ప్రతిబింబాల్లాంటి కుడి చేతివాటం పెట్టండి, ట్రిప్సిన్‌కి అంతుపట్టదు. గొలుసు రెండు కొసలూ కలిపి చుట్ట చెయ్యండి. ఇవన్నీ చేతిలో ఉన్న పద్ధతులే.

పెప్టైడ్ పంతులు
> 100 తయారుచేసి చూస్తే 79 పనిచేశాయి

ఎక్కడ పనిచేశాయి? ల్యాబ్ ప్లేటులో. నేను ఏఐకి వ్యతిరేకిని కాదు, నాకూ అభ్యర్థులు కావాలి. కానీ మనకి కొరత ఎప్పుడూ బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్లది కాదు, అవి వేలల్లో ఉన్నాయి. కొరత మనిషిని చంపకుండా చంపేవాటిది. ఎనిమిది లక్షలు కాదు, ఎనభై లక్షలు ఇచ్చినా ఆ జల్లెడ ఇంకా మన దగ్గర సరిగా లేదు. కిడ్నీ దెబ్బతింటుందా లేదా అన్నది మీ మోడల్ నమ్మకంగా చెప్పగలిగిన రోజు స్వీట్లు నేను పంచుతా.

కుడి చేతివాటం సంగతి: మెలిటిన్‌ని అలా తిప్పి తయారుచేసినా రక్తకణాల్ని పగలగొడుతూనే ఉంది. పొరకి చేతివాటంతో పనిలేదు. ఆయుష్షు పెరుగుతుంది, విషమూ అలాగే ఉంటుంది.

కోడ్ కోవిదుడు
ఆ డేటా క్లినిక్ నుంచి రావాలి పంతులుగారూ. విఫలమైన ట్రయల్స్ వివరాలు కంపెనీలు బీరువాల్లో పెట్టుకుంటే మోడల్ ఏం చూసి నేర్చుకుంటుంది? తప్పు కోడ్‌ది కాదు.

పెప్టైడ్ పంతులు
ఇది మాత్రం ఒప్పుకుంటాను.

కప్పగంతులు
విఫలమైన ట్రయల్స్ అంటే గుర్తొచ్చింది. మాగైనిన్ మందు కాకుండా ఎక్కడాగిందో ఎవరూ చెప్పలేదు. దాన్ని కాస్త మార్చి 22 అమైనో ఆమ్లాల పెక్సిగనాన్ చేశారు. మధుమేహం ఉన్నవాళ్ల పాదాల పుండ్లకి పూతమందు. పూతమందు కాబట్టి రక్తం, ఎంజైములు, కిడ్నీ గొడవలు చాలావరకు తప్పుతాయి. ఓఫ్లాక్సాసిన్ మాత్రలతో పోల్చారు. దాదాపు సమానంగా పనిచేసింది. ఉన్నదానికంటే మెరుగేం కాదని 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. 2016లో ఇంకో కంపెనీ మళ్లీ ప్రయత్నించింది. ఈసారి మందు లేని ఉత్త క్రీముతో పోల్చారు. దానికంటే కూడా మెరుగని తేలలేదు! పుండుని రోజూ కడగడం, చచ్చిన కండ తీయడం రెండు గుంపులకీ చేస్తారు కదా, సగం జబ్బు దానికే తగ్గుతుంది.

సందేహాలరావు
ఒక మాట చాలాచోట్ల చదివాను, పెప్టైడ్లకి రెసిస్టెన్స్ రాదని. పొర మొత్తం మార్చుకోవడం బ్యాక్టీరియాకి కుదరదు కాబట్టి. నిజమేనా?

కప్పగంతులు
జాస్లాఫ్ కూడా అదే అనేవారు. గ్రాహం బెల్ అనే పరిణామ శాస్త్రవేత్త ‘వస్తుంది, చూపిస్తా’ అన్నారు. ఇద్దరూ కలిసి ప్రయోగం చేశారు. అదీ నాకు నచ్చింది, ట్విట్టర్లో తిట్టుకోకుండా. పెక్సిగనాన్ డోసు కొంచెం కొంచెం పెంచుతూ బ్యాక్టీరియాని 600-700 తరాలు పెంచారు. 24 వరసల్లో 22 రెసిస్టెన్స్ తెచ్చుకున్నాయి. 2006లో ఇద్దరి పేర్లతోనే ప్రచురించారు.

పెప్టైడ్ పంతులు
స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే పొరలోని కొవ్వుకి లైసీన్ తగిలించి రుణావేశం తగ్గించుకుంటుంది. డాప్టోమైసిన్‌కి లొంగనివాటిలో ఆ జన్యువులో మార్పులు తరచూ కనబడతాయి. ఇక్కడ ఇంకో భయం ఉంది. మందుగా ఇచ్చే పెప్టైడ్‌కి అలవాటుపడ్డ బ్యాక్టీరియా రేపు మన ఒంట్లో సహజంగా ఉండే ఎల్ఎల్-37, డిఫెన్సిన్ల లాంటి పెప్టైడ్లకి కూడా లొంగకపోతే? మామూలు యాంటీబయాటిక్ పోతే ఒక మందు పోయినట్టు. ఇది మన సొంత కాపలాకే ఎసరు పెట్టడం అవుతుంది. ఇది ఎంత నిజమో ఇంకా తేలలేదు, కొన్ని పెప్టైడ్లకి ఒకలా, కొన్నిటికి ఇంకోలా వస్తోంది.

ఆరోగ్యమస్తు
ఇంత గొడవెందుకండీ. విటమిన్-డి పెరిగితే ఎల్ఎల్-37 అదే తయారవుతుందట. రోజూ మాత్ర వేసుకుంటే సరి. లేదా ఎల్ఎల్-37 వయల్స్ ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, మా జిమ్ ఫ్రెండ్ తెప్పించుకున్నాడు.

ఐసీయూ నైట్ డ్యూటీ
మొదటి సగం వరకు సైన్సే. ఆ జన్యువుని విటమిన్-డి ప్రేరేపిస్తుంది. కానీ జబ్బు ముదిరిన రోగుల్లో లోపం ఉన్నవాళ్లకి పెద్ద డోసు విటమిన్-డి ఇచ్చి చూశారు, వయొలెట్ ట్రయల్, 2019. 90 రోజుల మరణాల్లో తేడా లేదు. ల్యాబ్‌లో జన్యువు మేల్కొనడం వేరు, మనిషి మంచం దిగడం వేరు.

ఆ వయల్స్ మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది, మీ ఫ్రెండ్‌ని చదవమనండి. లోపల ఏముందో, స్టెరైల్‌గా ఉందో లేదో ఎవరూ పూచీపడరు. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థని ఎగదోసేవాటిలో ఎల్ఎల్-37 కూడా ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాడు పొడుచుకోవాల్సిన వస్తువు కాదు.

మోడరేటర్
మందులు ఎక్కడ దొరుకుతాయన్న పోస్టులు ఇకపై తొలగిస్తాం. చర్చ బాగుంది, కొనసాగించండి.

నీలాంబరి
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పెప్టైడ్ పంతులు
అదీ ఉంది, కాదనను. పెప్టైడ్ తయారీ ఖరీదు, ఒక్కో అమైనో ఆమ్లం వరసగా తగిలించాలి. పైగా కొత్త యాంటీబయాటిక్ ఏదొచ్చినా డాక్టర్లు దాచి వాడతారు, వాడాలి కూడా. అమ్మకాలుండవు. అకేయోజెన్ కంపెనీ ప్లాజోమైసిన్‌కి (పెప్టైడ్ కాదది) 2018లో అనుమతి తెచ్చుకుని 2019లో దివాలా తీసింది. వాడకంతో సంబంధం లేకుండా ఏడాదికింత అని కట్టే పద్ధతిని బ్రిటన్ మొదలుపెట్టింది. అయినా నా లెక్కలో డబ్బు రెండో కారణమే. మొదటిది కిడ్నీ.

దానికి సాక్ష్యం మురెపవాడిన్. పొర చించే రకం కాదది. స్యూడోమోనాస్ అనే బ్యాక్టీరియా బయటి పొరకి సరుకు చేరవేసే ఒక్క ప్రొటీన్‌ని గురిచూసి కొడుతుంది. దానిమీద మాకు ఎన్ని ఆశలో! మూడో దశ ట్రయల్స్‌లో కిడ్నీ దెబ్బలు అనుకున్నదానికంటే ఎక్కువ రావడంతో 2019లో ఆపేశారు. తర్వాత పీల్చే మందుగా మార్చి ప్రయత్నించారు.

కోడ్ కోవిదుడు
గురిచూసి కొట్టేదీ అక్కడే పడిందిగా. మరి మీ సిద్ధాంతం?

పెప్టైడ్ పంతులు
ఆ గురి తప్పని నేననను, ఆ అణువులో ధనావేశం ఎక్కువైంది. కిడ్నీ గొట్టాల కణాలు ధనావేశం ఉన్న పెప్టైడ్లని లాక్కుని పోగేసుకుంటాయి, కొలిస్టిన్ కథ కూడా అదే. నా పందెం ఇది: పొర చించేవాటిని పూతలకి, కేథటర్ల పైపూతలకి వదిలేసి, రక్తంలోకి పంపేవాటిలో ఒకే యంత్రాన్ని పట్టేసే, ఆవేశం మీద అంతగా ఆధారపడని చుట్ట పెప్టైడ్లు చూడాలి. టీక్సోబాక్టిన్ 2015లో వచ్చింది, గోడ కట్టుకునే ముడిసరుకునే పట్టుకుంటుంది, కానీ గ్రామ్-పాజిటివ్‌లకే. డారోబాక్టిన్ 2019, పురుగుల్లో బతికే నెమటోడ్ల లోపలి బ్యాక్టీరియా నుంచి, గ్రామ్-నెగెటివ్‌లకి. జోసురాబాల్పిన్ గురించి 2024లో ‘నేచర్’లో వచ్చింది, కార్బపెనెమ్‌లకి లొంగని అసినెటోబ్యాక్టర్‌కి. అది ఇప్పటికే మనుషుల దాకా వచ్చింది.

ఐసీయూ నైట్ డ్యూటీ
పంతులుగారి పందెం గెలవాలని నాకూ ఉంది. ఈలోపు ఒక చేదు నిజం. అసినెటోబ్యాక్టర్ రోగుల్లో సల్బాక్టమ్-డుర్లోబాక్టమ్‌ని కొలిస్టిన్‌తో పోల్చిన అటాక్ ట్రయల్ 2023లో వచ్చింది. ఇద్దరికీ తోడుగా ఇమిపెనెమ్ ఉంది. 28 రోజుల్లో మరణాలు కొత్తదాంట్లో 19 శాతం, కొలిస్టిన్‌లో 32 శాతం. కిడ్నీ దెబ్బ 13 శాతం, 38 శాతం. గెలిచింది పెప్టైడ్ కాదు, పెన్సిలిన్ కుటుంబపు పాత బంధువు. ‘కొలిస్టిన్ ఒక్కటే చాలదు, మెరోపెనెమ్ కలపండి’ అని మేం ఏళ్లపాటు నమ్మాం. ఐడా, ఓవర్‌కమ్ ట్రయల్స్ రెండింట్లోనూ కలిపినా మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

డాప్టోమైసిన్ కూడా గుర్తుపెట్టుకోండి. ఎంఆర్ఎస్ఏ (మామూలు మందులకి లొంగని స్టాఫైలోకాకస్) రక్తంలో ఉంటే చక్కటి మందు. అదే ఊపిరితిత్తుల్లో ఉంటే దండగ. ఊపిరితిత్తుల లోపల పూతలా ఉండే సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది. న్యుమోనియా ట్రయల్‌లో అది వెనకబడ్డాకే ఈ సంగతి తెలిసింది. ఏ మందైనా ఒంట్లో ఏ మూలకి వెళ్తుందో చూడకుండా ‘చంపుతుంది’ అనడానికి లేదు.

సందేహాలరావు
ఆఖరి డౌటు. జోసురాబాల్పిన్ వచ్చినా అది అసినెటోబ్యాక్టర్ ఒక్కదానికేనా? ఉన్నది వేరేదైతే?

ఐసీయూ నైట్ డ్యూటీ
పనిచేయదు. ఇరుకు గురి ఉన్న మందు రాయాలంటే లోపలున్నది ఏ బ్యాక్టీరియానో ముందే తెలియాలి. కల్చర్‌కి రెండు మూడు రోజులు. కొన్ని గంటల్లో చెప్పే పీసీఆర్ ప్యానెళ్లు ఉన్నాయి, అన్నిచోట్లా లేవు. పైగా అవి చూపించింది జబ్బు చేస్తున్నదా, గొట్టంలో ఊరికే తిష్ట వేసిందా అన్నది మళ్లీ మేమే తేల్చుకోవాలి. దానిమీద వేరే థ్రెడ్ ఎవరైనా పెడితే వస్తాను. ఇప్పుడు రౌండ్స్ టైమైంది.

నీలాంబరి
నేను పెడతాను డాక్టర్ గారూ. పంతులుగారూ, డారోబాక్టిన్ దేన్ని పట్టుకుంటుందో చెప్పకుండా దాటేశారు, అది ఇక్కడే రాయండి.

పెప్టైడ్ పంతులు
బామ్-ఎ. బయటి పొరలో ప్రొటీన్లని అమర్చే యంత్రంలో ముఖ్యమైన ముక్క. అది పొర బయటివైపుకే ఉంటుంది కాబట్టి డారోబాక్టిన్‌కి లోపలికి దూరే అవసరమే లేదు. గ్రామ్-నెగెటివ్‌లతో సగం తలనొప్పి మందు లోపలికి పోకపోవడమే కదా.